మందుల షాపులో పచ్చిమిరపకాయలు

మా తాడేపల్లిగూడెం బజారులో ఒక అలవాటుంది. కొట్టుకొచ్చిన మనిషికి కావలసింది మన దగ్గర లేకపోతే లేదని పంపెయ్యం. అది దొరికే కొట్టుకి ఫోన్ చేసి, "మనవాళ్ళేనండీ, వస్తున్నారు, కాస్త చూడండి" అని ఒక మాట చెప్పి పంపుతాం. డాక్టరు దగ్గర వరసకీ, బళ్ళో సీటుకీ, రైల్లో కింది బెర్తుకీ కూడా ఇదే పద్ధతి. మాది స్టీలు సామాన్ల కొట్టు. మా నాన్నగారి కాలం నుంచీ ఉన్నది కాబట్టి బజారులో నా మాటకి కొద్దో గొప్పో విలువుంది. ఆ విలువని నా కూతురి మీద ఎలా వాడానో రాయాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. మొదలుపెట్టడం, సిగ్గేసి మానెయ్యడం, ఇదే వరస.

అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. పొద్దున్న బడి వ్యాను వచ్చే వేళకి కడుపునొప్పి వచ్చేది. ఆదివారాలు వచ్చేది కాదు. స్కానింగులు తీయించాం, కషాయాలు పట్టించాం, మా అమ్మ దిష్టి తీసింది. ఏ రిపోర్టు చూసినా అంతా బాగానే ఉందనేవారు. ఆదివారం రాని నొప్పి దొంగనొప్పి కాక ఇంకేమిటని నేను తేల్చేశాను. నాకు తొందరగా తేల్చెయ్యడం అలవాటు.

ఒకరోజు కొట్లో ఉండగా బడి నుంచి మెసేజ్ వచ్చింది, మీ అమ్మాయి ఈరోజు రాలేదని. నేనే కదా వ్యాను ఎక్కించింది! కొట్టు అలాగే వదిలేసి స్కూటరు మీద పరిగెత్తాను. తీరా చూస్తే అది మూడో బెంచీలోనే కూర్చుని ఉంది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్' అనలేదట. కొత్తగా వచ్చిన టీచరుగారు రాలేదని రాసేసుకున్నారు. వారంలో మూడు రోజులు అలా జరిగాకే నాకు మెసేజ్ పెట్టారని అప్పుడు తెలిసింది. పిల్లని బయటికి పిలిపించి, స్కూటర్లు పెట్టే షెడ్డు దగ్గర ఒక్కటిచ్చాను. "ఒక్క ముక్క అనడానికి ఏం రోగమే నీకు?" అన్నాను. రోగమేనని నాకు తెలియదు. తెలిస్తే కొట్టేవాణ్ణి కాదని చెప్పుకోవడానికి కూడా ఇప్పుడు నోరు రాదు.

చివరికి మా పిల్లల డాక్టరుగారే, కడుపులో ఏమీ లేదండీ, ఒకసారి ఏలూరులో సైకాలజిస్టుకి చూపించండి అని చీటీ రాసిచ్చారు. మా ఆవిడ ఆ చీటీని పర్సులో భద్రంగా పెట్టుకుంది. నేను నెల రోజులు ఏదో వంక చెప్పి వాయిదా వేశాను. పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నారని గూడెంలో ఒక్కరికి తెలిస్తే చాలు, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఆఖరికి ఒక శనివారం పాసింజరు బండెక్కాం. ఎదురింటివాళ్ళు ఎక్కడికండీ అంటే, కళ్ళ డాక్టరుకి చూపించడానికి అన్నాను. ప్రతి శనివారమూ కళ్ళేమిటన్న అనుమానం వాళ్ళకి రాకుండా ఏలూరులో దానికి పవరు లేని కళ్ళజోడొకటి కొన్నాను. చుట్టాలు వచ్చినప్పుడు పెట్టుకోమనేవాణ్ణి. పెట్టుకునేది. ఎందుకు నాన్నా అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ సైకాలజిస్టు నలభై ఏళ్ళావిడ. మేమంతా డాక్టరమ్మగారనే పిలిచేవాళ్ళం. గదిలో మందులూ సూదులూ ఏమీ లేవు, చాపా రంగు పెన్సిళ్ళూ ఉన్నాయి. పిల్లని ఆవిడ ఒక్క ప్రశ్న కూడా తిన్నగా అడగలేదు. ఇద్దరూ బొమ్మలు వేస్తూ కూర్చున్నారు. రెండు వారాలయ్యాక మాకు చెప్పారు, దీన్ని యాంగ్జైటీ డిజార్డర్ అంటారని, కొందరు పిల్లల్లో ఉంటుందని, మొండితనమూ కాదు, పెంపకంలో లోపమూ కాదని. నోరు విప్పితే తప్పు మాట్లాడతాననీ, తప్పు మాట్లాడితే అందరూ నవ్వుతారనీ, నవ్వితే ఇక తట్టుకోలేననీ మా పిల్ల అనుకుంటోంది. ఆ అనుకోవడమే కడుపులో నొప్పిగా వస్తోంది. దీనికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని ఒక పద్ధతుంది, నిదానంగా చేద్దాం అన్నారు.

పద్ధతి వినడానికి తేలిగ్గానే ఉంది. భయపడే పనుల్ని మెట్లుగా రాసుకోవాలి, చిన్నది కింద, పెద్దది పైన. ప్రతి మెట్టూ ఎక్కేముందు ఏం జరుగుతుందని భయపడుతోందో ఒక నోటుబుక్కులో రాయాలి, భయానికి పదికి ఎన్ని మార్కులో వెయ్యాలి. వెళ్ళి ఆ పని చెయ్యాలి. తిరిగొచ్చి నిజంగా ఏం జరిగిందో పక్కనే రాయాలి. "భయం చెప్పేది అబద్ధమని మనం చెబితే పిల్లలు నమ్మరండీ. తన కళ్ళతో తను చూడాలి" అన్నారావిడ.

"మరి మేమేం చెయ్యాలండీ?" అన్నాను.

"ఏమీ చెయ్యకూడదండీ. తన బదులు మీరు మాట్లాడకూడదు, పని తేలిక చెయ్యకూడదు. దూరంగా నిలబడాలి. అన్నిటికంటే కష్టం అదే."

కష్టమేముంది, నిలబడటమేగా అనుకున్నాను.

మొదటి మెట్టు మా కొట్టుకి నాలుగు కొట్ల అవతల ఉన్న ఫ్యాన్సీ షాపులో పెన్సిలు అడిగి కొనుక్కోవడం. మా ఆవిడ ఇంట్లో వంటలో ఉంది, మెట్లెక్కించే పని నాది. పిల్ల ఆ షాపు ముందు దాకా వెళ్ళి నిలబడిపోయింది. నేను మా గుమ్మంలోంచి చూస్తున్నాను. పావుగంట గడిచింది. గౌను అంచు పిసుకుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. షాపులోకెళ్ళే జనం దాన్ని తప్పించుకుని వెళ్తున్నారు. నా వల్ల కాలేదు. జేబులోంచి ఫోన్ తీశాను. "మనమ్మాయేనండీ, బయట నిలబడింది. పెన్సిలు కావాలి. ఎక్కువ ప్రశ్నలు వెయ్యకండి, కాస్త చూడండి" అన్నాను. షాపాయన బయటికి తొంగి చూసి, "రామ్మా, ఏం కావాలి? పెన్సిలా?" అన్నాడు. అది తల ఊపి, "పెన్సిలండీ" అంది. నాకు వినబడలేదు గానీ పెదాలు కదలడం కనిపించింది.

పెన్సిలు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చిన ఆ మొహం నేను మర్చిపోలేను. "నాన్నా, అడిగేశాను!" అంది. నోటుబుక్కులో 'ఏమవుతుంది' అన్న చోట 'విసుక్కుంటారు' అని ఉంది. పక్కన 'విసుక్కోలేదు, రామ్మా అన్నారు' అని రాసింది. భయం ఎనిమిది నుంచి మూడుకి దిగింది. ఆ సంతోషం చూశాక నేను చేసింది తప్పన్న ఆలోచనే నాకు రాలేదు. పైగా, డాక్టరమ్మగారికి తెలియని చిట్కా ఏదో నాకు దొరికిందనుకున్నాను.

అంతే, ఇక ప్రతి మెట్టుకీ ముందే ఫోన్. పుస్తకాల షాపులో కొన్న నోటుబుక్కు మార్చి ఇమ్మనడం, బేకరీలో మూడింటి ధర కనుక్కుని ఏమీ కొనకుండా వచ్చెయ్యడం, చెప్పులు నాలుగు జతలు తీయించి వద్దనడం. అందరూ నాకు తెలిసినవాళ్ళే, అందరికీ ఒక మాట చెప్పాను. అందరూ మర్యాదస్థులు. బేకరీ ఆయనైతే కొనకుండా వెళ్తున్న పిల్లని "మళ్ళీ రావాలమ్మా" అంటూ గుమ్మం దాకా సాగనంపాడు. మా పిల్ల నోటుబుక్కు నిండిపోతోంది. బళ్ళో 'ప్రెజెంట్' అనడం మొదలుపెట్టింది. డాక్టరమ్మగారు ఆ పేజీలు తిరగేసి, "చాలా బాగుందండీ, అందరూ ఇంత మంచిగా ఉన్నారే" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఏడో మెట్టు దగ్గర పేచీ వచ్చింది. ఇప్పటిదాకా తప్పు చెయ్యకుండా మాట్లాడింది, ఇప్పుడు కావాలని తప్పు మాట్లాడాలి, తప్పు చేసినా ఏమీ మునిగిపోదని చూడాలి అన్నారావిడ. ఏం చేద్దామని ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటూ ఒకటి తేల్చారు. మందుల షాపుకెళ్ళి పచ్చిమిరపకాయలున్నాయా అని అడగాలి.

నాకు నవ్వు రాలేదు. మా మందుల షాపాయన మా వాళ్ళలోనే ఒకాయన, దూరపు చుట్టరికం కూడా. పిల్లకి మతి సరిగ్గా లేదనుకుంటే? ఆయన భార్యతో అంటే, ఆవిడ నలుగురిలో అంటే? నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, తొమ్మిదేళ్ళ పిల్లకి రేపు సంబంధాలు ఎలా వస్తాయన్న దాకా పోయింది నా ఆలోచన. పెన్సిలప్పుడు వణుకుతున్న పిల్లని చూడలేక ఫోన్ చేశాను. ఈసారి ఫోన్ పూర్తిగా నా కోసమే చేసుకున్నాను. "బళ్ళో ఏదో ప్రాజెక్టటండీ, పచ్చిమిరపకాయలు అడుగుతుంది. మీరేం ఆశ్చర్యపోకండి, నవ్వకండి, కాస్త చూడండి" అన్నాను. "అయ్యో, దానికేమండీ, నేను చూసుకుంటాను కదా" అన్నాడాయన.

ఆదివారం పొద్దున్న స్కూటరు మీద తీసుకెళ్ళి రోడ్డుకివతల నిలబడ్డాను. ఈసారి అది ఎంతోసేపు ఆగలేదు. నోటుబుక్కులో 'నవ్వుతారు, పిచ్చిదాన్నంటారు, తొమ్మిది' అని రాసి, ఊపిరి పీల్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. మూడు నిమిషాల్లో బయటికొచ్చింది. నడక నెమ్మదిగా ఉంది. చేతిలో చిన్న కవరుంది.

"ఏవైందమ్మా?" అన్నాను.

"ఇచ్చారు."

"ఏవిటి ఇచ్చింది?"

కవరు తెరిచి చూపించింది. పావుకిలో ఉంటాయి, నిగనిగలాడే పచ్చిమిరపకాయలు. మా చుట్టం మర్యాద తెలిసినవాడు. నేను పంపిన మనిషిని వట్టి చేతులతో పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. పొద్దున్నే కూరల మార్కెట్టుకి మనిషిని పంపి తెప్పించి ఉంచాడు.

"మందుల షాపులో పచ్చిమిరపకాయలుంటాయా నాన్నా?"

నేను ఏదో అనబోయాను. ఇంటికి తెచ్చుకున్నవేమో అన్నాననుకుంటాను. అది నా మొహంలోకి చూస్తూ, "నాటువి దొరకలేదట, ఈ పూటకి ఇవే దొరికాయని మీతో చెప్పమన్నారు" అంది.

అప్పుడు అది ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

"చెప్పుల షాపు కూడానా?"

తల ఊపాను.

"బేకరీ?"

మళ్ళీ ఊపాను.

"పెన్సిలు కూడానా నాన్నా?"

పెన్సిలుకి కాదని ఒక్క అబద్ధమాడితే అదొక్కటైనా దానికి మిగిలేది. నాకు ఆ మాత్రం బుద్ధి కూడా ఆ క్షణంలో లేకపోయింది. తల ఊపేశాను. అది ఏడవలేదు. స్కూటరు ఎక్కాక ఎప్పుడూ నా నడుము పట్టుకునేది, ఆరోజు వెనక స్టెప్నీ పట్టుకుని కూర్చుంది.

మర్నాటి నుంచి కడుపునొప్పి మళ్ళీ వచ్చింది. పది రోజులు బడికి వెళ్ళలేదు. ఏం జరిగిందో మా ఆవిడకి చెప్పక తప్పలేదు. ఆవిడ గొంతు పెంచే మనిషి కాదు. "ఊరందరికీ మాట చెప్పారు. నాకు తప్ప" అంది. తర్వాత, "అది నాతో ఏవందో మీకు తెలుసా?" అంటూ పిల్ల అన్న మాటలు నాకు అప్పజెప్పింది. "నవ్వుతారని భయం చెప్పింది, నవ్వలేదు, కాబట్టి భయం అబద్ధమని డాక్టరమ్మగారన్నారు. కానీ నాన్న ఫోన్ చేశారు కాబట్టే నవ్వలేదు. అంటే భయం చెప్పిందే నిజం కదమ్మా?"

ఆ లెక్కలో తప్పెక్కడుందో నేనెంత వెతికినా దొరకలేదు. పిల్లకి భయం పోగొట్టమని తీసుకెళ్ళినవాణ్ణి, ఆ భయానికి సాక్ష్యాలు సమకూర్చిపెట్టాను.

ఆ శనివారం ఏలూరులో చాప మీద పిల్ల, కుర్చీలో నేను. చెప్పాల్సింది నేనే. మాట మొదలుపెట్టడానికి మూడుసార్లు గొంతు సవరించుకున్నాను. ఫోన్లన్నీ చెప్పాను. కళ్ళజోడు సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మీరు మంచికే చేశారండీ. కానీ తన వల్ల కాదని మీరు అనుకుంటున్నట్టు తనకి తెలిసిపోయింది. షాపువాళ్ళు నవ్వితే తట్టుకునేదేమో. ఇది వేరు" అన్నారు. పిల్ల పెన్సిలు చెక్కుకుంటోంది, తలెత్తలేదు. పాత పేజీలు పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెడదామా అని ఆవిడ అడిగితే పెన్సిలు ములుకు విరిగేదాకా చెక్కింది. ఆఖరికి, "నాన్నకి తెలిసినవాళ్ళు లేని ఊళ్ళో అయితే చేస్తాను" అంది.

మా జిల్లాలో అలాంటి ఊరు దొరకడం అంత సులువు కాదు. ఆ ఆదివారం ముగ్గురం కారులో గణపవరం మీదుగా ఆకివీడు వెళ్ళాం. అక్కడ కారు దిగీదిగగానే, "ఏవండోయ్, ఇలా వచ్చారేవిటి!" అని ఒకాయన ఎదురొచ్చాడు, కూతురి పెళ్ళికి సామాన్లన్నీ మా కొట్లోనే తీసుకున్నాడట. పిల్ల మాట్లాడకుండా వెళ్ళి మళ్ళీ కార్లో కూర్చుంది. ఇంకా లోపలికి పోయాం, కొల్లేటి చెరువుల గట్ల మీద, చేపల లారీల వెనకాల. ఆ ఊరి పేరు కూడా నాకు తెలియదు. ఒక చేపల మేత దుకాణం కనిపించింది, ముందు బస్తాలు, బస్తాల మీద నలుగురు మనుషులు. "ఇక్కడ ఆపండి" అంది. ఆపాను. వెనక సీట్లోంచి చెయ్యి ముందుకి చాపింది.

"ఫోన్ ఇవ్వండి నాన్నా."

ఇచ్చాను. నాకు తెలిసినవాళ్ళెవరూ లేరమ్మా అనబోయి ఊరుకున్నాను. ఫోన్ తీసుకుని, వెనక సీట్లోనే పక్కనున్న వాళ్ళమ్మ చేతికిచ్చి దిగింది.

కారు అద్దం దించే ఉంది, అంతా వినబడుతోంది. "ఇక్కడ బూందీ అమ్ముతారా అండీ?" అంది. నలుగురూ ఒక్కసారి గొల్లుమన్నారు. "బూందీయా! ఒరేయ్, పాపకి బూందీ కావాలంటరా!" అని ఒకడు లోపలికి కేకేశాడు. లోపల్నుంచి ఇంకెవరో నవ్వారు. దుకాణం ఆయన గుప్పెడు మేత గుళికలు తీసి, "ఇది చేపలు తినే బూందీ తల్లీ, తింటావా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నా చెయ్యి కారు తలుపు మీదికి వెళ్ళిపోయింది. మా ఆవిడ వెనక నుంచి నా మణికట్టు పట్టుకుంది.

పిల్ల మొహం కందిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కదల్లేదు, వాళ్ళ నవ్వు అయ్యేదాకా అక్కడే నిలబడింది. నవ్వు ఎంతసేపుంటుంది? అయిపోయింది. వాళ్ళు బస్తాల సంగతి మాట్లాడుకోవడంలో పడ్డారు. అప్పుడు, "వద్దండీ" అని చెప్పి వచ్చి కార్లో కూర్చుంది. వాళ్ళమ్మ భుజానికి తల ఆనించి కాసేపు ఏడ్చింది. ఏడుపు మధ్యలో, "నవ్వారమ్మా, నిజంగానే నవ్వారు" అంది. "మరి ఏవైంది?" అని అడిగింది వాళ్ళమ్మ. "ఏం కాలేదు" అంది. నేను ముందుకే చూస్తూ బండి నడిపాను. ఆ నవ్వుని ఇన్నాళ్ళూ దానికి దక్కకుండా అడ్డుపడింది నేనే.

ఆ తర్వాత మెట్లన్నీ వాళ్ళమ్మతోనే ఎక్కింది. నేనడగలేదు, నన్ను రమ్మనలేదు. కడుపునొప్పి తగ్గుతూ తగ్గుతూ ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. ఏలూరు ప్రయాణాలు వారానికొకటి నుంచి నెలకొకటయ్యాయి, తర్వాత ఆగాయి. ఎవరైనా అడిగితే సైకాలజిస్టు దగ్గరికని నేనే చెప్పేవాణ్ణి. ఒకరిద్దరు మొహం అదోలా పెట్టారు, ఎక్కువమంది తమ పిల్లల సంగతి చెప్పి డాక్టరమ్మగారి ఫోన్ నంబరు అడిగారు.

మొన్న దాని క్లాసు పిల్ల తల్లి ఒకావిడ ప్రెషరు కుక్కరు కొనడానికి మా కొట్టుకొచ్చింది. "మీ అమ్మాయి భలే మాట్లాడిందటండీ" అంది. బళ్ళో సైన్సు ఎగ్జిబిషన్ జరిగిందట. మా పిల్ల కొల్లేటి నీళ్ళ గురించి బోర్డు తయారుచేసి, వచ్చినవాళ్ళందరికీ నిలబడి వివరించిందట. మధ్యలో మరిచిపోయి తడబడితే పిల్లలు నవ్వారట, ఇది కూడా నవ్వేసి మళ్ళీ మొదటి నుంచి చెప్పిందట. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజే జరిగింది. మా ఆవిడ వెళ్ళిందట. నాకు తెలియదు.

కుక్కరు కట్టి ఇచ్చి ఆవిణ్ణి పంపాను. సంతోషమే వేసింది, కాదనను. సాయంత్రం ఇంటికెళ్ళి పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "నాకెందుకు చెప్పలేదమ్మా, నేనూ వచ్చేవాణ్ణిగా" అన్నాను.

అది ఇబ్బందిగా వాళ్ళమ్మ వంక చూసింది. నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు తెలుస్తూనే ఉంది.

"చెబితే మీరు హెడ్‌మాస్టరుగారికి ఫోన్ చేస్తారని" అంది.

చెయ్యనమ్మా అని అనడానికి నోరు తెరిచాను. ఆయన మా కొట్టుకి పాత ఖాతాదారే, నంబరు నా ఫోన్లో ఉంది. చెప్పి ఉంటే చేసేవాణ్ణే.